పాత పికప్ హెడ్‌లైట్లు సరైన ఎత్తులో కొట్టేలా సెట్ చేసుకోవడం ఎలా?

పాత పికప్ నడిపేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "డిమ్‌లోనే వెళ్తున్నాను, అయినా ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైట్ కొట్టి చూపిస్తోంది. ఏ స్క్రూ ఎటు తిప్పాలి?" ఇంకొందరి బాధ దీనికి తిరగేసి ఉంటుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, రోడ్డు మాత్రం నాలుగడుగుల అవతల కనబడదు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: స్క్రూ ఆఖరున ముట్టుకోండి. పికప్ లోడు మోసే బండి. ఏళ్ల తరబడి మోసి మోసి వెనక కమాన్లు (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వాలిపోయి ఉంటాయి, టైర్లు మారి ఉంటాయి, బల్బులు ఎవరెవరో మార్చి ఉంటారు. అవన్నీ చూసుకోకుండా స్క్రూ తిప్పితే గోడ మీద చక్కగా కనబడుతుంది, రోడ్డెక్కాక పాత కథే.

ఈ పనిని చిన్నచూపు చూడకండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మనిషికి రెండు సెకన్లు కళ్లు బైర్లు కమ్మితే, ఆ రెండు సెకన్లలో అతను 33 మీటర్లు ఏమీ చూడకుండా వచ్చేస్తాడు. పికప్ హెడ్‌లైట్లు ఎత్తులో ఉంటాయి కాబట్టి చిన్న కార్ల వాళ్ల అద్దాల్లోకి, బైకుల మీద వచ్చేవాళ్ల కళ్లలోకి మన వెలుగే ముందు పడుతుంది.

కావలసినవి

కొలత టేపు, మాస్కింగ్ టేపు, మీ స్క్రూలకు సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ లేదా చిన్న స్పానర్, తుప్పు వదిలించే నూనె స్ప్రే, ఒక అట్టముక్క, పురికొస, పెన్సిల్, పక్కన ఒక మనిషి. చోటు విషయానికొస్తే, నిటారుగా ఉన్న లేత రంగు గోడ, దాని ముందు కనీసం 12 మీటర్ల సమతలమైన నేల కావాలి. సంధ్య వాలాక మొదలుపెట్టండి. పూర్తి చీకట్లో గీతలు కనబడవు, పగటిపూట వెలుగు కనబడదు.

మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో పెట్టి ఈ పని చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అలాగని ఇంజన్ ఆపేసి గంటసేపు లైట్లు వెలిగిస్తే బ్యాటరీ దిగిపోతుంది. రెండు 55 వాట్ల బల్బులు కలిసి దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. ఆరుబయట ఇంజన్ నడుస్తూ ఉండగా చేయడం మేలు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి ఉండాలి, చక్రాలకు అడ్డం పెట్టాలి. మీరు నిలబడేది ఇంజన్ పక్కనే. ఫ్యాను, బెల్టు దగ్గరికి చేయి, చొక్కా అంచు పోకుండా చూసుకోండి.

మొదలు: బండి సంగతి

1. నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడండి. ఒక పక్క గాలి తక్కువైతే బండి ఆ పక్కకు ఒరిగి గీత వంకరగా పడుతుంది.

2. ట్యాంకులో సగం ఇంధనం ఉంచండి. డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. పక్కన మనిషి కావాలన్నది అందుకే. మనిషి దొరక్కపోతే 75 కిలోల బరువేదైనా పెట్టండి.

3. వెనక తొట్టిలో ఎంత బరువు పెట్టాలన్నది మీరు రాత్రిళ్లు బండిని ఎలా నడుపుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. దీని గురించి కింద విడిగా చెప్పాను, అది చదివాకే ముందుకు వెళ్లండి.

4. డ్యాష్‌బోర్డు మీద లైట్ల ఎత్తు మార్చే చిన్న చక్రం ఉంటే దాన్ని సున్నా మీద పెట్టండి. దాన్ని 2 మీదో 3 మీదో వదిలేసి స్క్రూలు తిప్పి, తర్వాత దాన్ని సున్నాకు తెచ్చుకుని "లైట్లు ఆకాశానికి కొడుతున్నాయి" అని అడిగినవాళ్లు చాలామంది.

5. బల్బు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. హెచ్4 బల్బు (డిమ్, బ్రైట్ తీగలు రెండూ ఉండే హాలోజన్ రకం) చుట్టూ మూడు చెవులుంటాయి. మూడూ వాటి గాడుల్లో పడి, పైన క్లిప్పు బిగిసి ఉండాలి. ఈ బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. వెలుగుకు పైన గీత గీసినట్టు కట్ అయ్యేది దానివల్లే. బల్బు కాస్త తిరిగి కూర్చున్నా ఆ గీత వంకరపోతుంది, ఏ స్క్రూ తిప్పినా సరికాదు. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

6. వెలుగు పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే దించడం, ఎత్తడం కాదు చూడాల్సింది. మల్టీమీటర్ ఉంటే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, వెలుగుతున్న బల్బు వెనక ఒకసారి వోల్టేజీ చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే ఎక్కడో ఎర్త్ వైరుకు తుప్పు పట్టిందనో, స్విచ్ కాలిందనో అర్థం. హాలోజన్ బల్బుకు పదో వంతు వోల్టేజీ తగ్గితే వెలుగు సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. పాత బండ్లలో ఎర్త్ బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించడంతోనే కొత్త లైట్లు వేసినంత తేడా వస్తుంది.

లోడు గురించి

పికప్‌కూ కారుకూ తేడా వచ్చేది ఇక్కడే. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 3 మీటర్లు ఉందనుకోండి. తొట్టిలో లోడు వేస్తే వెనక 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. అది పెద్ద కుంగుబాటేమీ కాదు. కానీ బండి ముక్కు దాదాపు 1.7 శాతం, అంటే 100 మీటర్ల దూరానికి 1.7 మీటర్ల లెక్కన, పైకి లేస్తుంది. మామూలుగా డిమ్ వెలుగు 1 శాతం కిందికి వాలి ఉండాలి. అంటే ఇప్పుడది కిందికి కాదు, 0.7 శాతం పైకి కొడుతోంది. 25 మీటర్ల దూరంలో, హెడ్‌లైట్ ఎత్తుకు 25 సెంటీమీటర్లు కింద ఉండాల్సిన వెలుగు అంచు 17 సెంటీమీటర్లు పైకి ఎక్కి కూర్చుంటుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, రాత్రిపూట మీరు ఖాళీగా తిరుగుతారా, లోడుతో తిరుగుతారా అన్నది. దాదాపు ఎప్పుడూ లోడుతోనే అయితే, ఆ లోడు తొట్టిలో ఉంచే సెట్ చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు వెలుగు కాస్త దగ్గరగా పడుతుంది, ఎవరికీ హాని లేదు. రెండు రకాలుగానూ తిరిగేవాళ్లు ఖాళీ బండికి సెట్ చేసుకుని, తర్వాత లోడుతో మళ్లీ అదే గోడ ముందు నిలిపి, ఎత్తు మార్చే స్క్రూ ఎన్ని చుట్లు తిప్పితే వెలుగు దిగుతుందో లెక్కపెట్టి రాసుకోవాలి. నా పికప్‌కు ఒకటిన్నర చుట్టు. లోడు ఎక్కించే ముందు రెండు లైట్ల ఎత్తు స్క్రూలూ ఒకటిన్నర చుట్టు తిప్పుతాను, దించాక వెనక్కి తిప్పుతాను. రెండు నిమిషాల పని.

ఖాళీగా ఉన్నప్పుడే వెనక భాగం వాలిపోయి కనబడితే కమాన్లు అలసిపోయినట్టు. వాటిని బాగు చేయించాకే లైట్ల జోలికి రండి. ముందు లైట్లు సెట్ చేసి తర్వాత కమాన్లు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

గోడ మీద గీతలు

7. నేలను పరీక్షించండి. బండి వెనక చక్రం నిలిచే చోటు నుంచి గోడ అడుగు దాకా పురికొసను నేలకు ఆనించి గట్టిగా లాగండి. మధ్యలో ఎక్కడైనా కొస గాల్లో తేలినా, నేల ఉబ్బి దాన్ని పైకి నెట్టినా ఆ చోటు పనికిరాదు. నేలంతా ఒకే వాలులో ఉంటే ఫర్వాలేదు. బండి ఒక వాలు మీద, గోడ ఇంకో వాలు మీద ఉంటేనే కొలతలు మోసం చేస్తాయి.

8. బండిని గోడకు అర మీటరు దగ్గరగా, సూటిగా తెచ్చి ఆపండి. ముందొకసారి, వెనకొకసారి బంపర్‌ను నొక్కి వదిలి బండిని ఊపండి, స్ప్రింగులు వాటి సహజమైన ఎత్తుకు వస్తాయి. ప్రతి హెడ్‌లైట్ నడిమికి ఎదురుగా గోడ మీద నిలువు టేపు అంటించండి. చాలా లైట్ల గాజు మీద నడిమిని చూపే చిన్న చుక్కో గుర్తో ఉంటుంది. తర్వాత హెడ్‌లైట్ నడిమి ఎత్తును నేల నుంచి కొలిచి, గోడ మీద అదే ఎత్తులో అడ్డంగా ఒక టేపు వేయండి.

9. ఆ అడ్డ టేపుకు 7.6 సెంటీమీటర్లు కింద ఇంకొక అడ్డ టేపు వేయండి. వెలుగు అంచు పడాల్సింది దీని మీద. 25 అడుగులకు, అంటే 7.6 మీటర్లకు, 1 శాతం వాలు లెక్క ఇది. మీ హెడ్‌లైట్ మీదో, బానెట్ ఎత్తితే కనబడే స్టిక్కర్ మీదో ఒక చిన్న లైటు బొమ్మ పక్కన 1.2 శాతం లాంటి అంకె ముద్రించి ఉంటే నా అంకె వదిలేసి దాన్నే పాటించండి. 1.2 శాతమైతే 9 సెంటీమీటర్లు కిందికి. హెడ్‌లైట్ నడిమి నేల నుంచి మీటరు కంటే ఎత్తులో ఉంటే 1 శాతం చాలదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన 48 అంత ఎత్తున్న లైట్లకు 1.5 నుంచి 2 శాతం వాలు అడుగుతుంది. అంటే 11 నుంచి 15 సెంటీమీటర్లు. బండిని పెద్ద టైర్లతో, లిఫ్ట్ కిట్‌తో ఎత్తినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

10. స్టీరింగ్ తిప్పకుండా సూటిగా వెనక్కి తీసి, హెడ్‌లైట్ గాజు నుంచి గోడకు 7.6 మీటర్లు వచ్చేలా ఆపండి. ఎడమ లైటు నుంచి గోడకు, కుడి లైటు నుంచి గోడకు విడివిడిగా కొలవండి. రెండూ సమానం కాకపోతే బండి అడ్డదిడ్డంగా నిలిచింది, మళ్లీ తీసి పెట్టండి. బండిని మళ్లీ ఒకసారి ఊపండి.

అంత చోటు లేకపోతే 5 మీటర్ల దగ్గరా చేయవచ్చు, అప్పుడు కింది టేపు 5 సెంటీమీటర్ల దిగువన ఉండాలి. దూరం తగ్గేకొద్దీ చిన్న తప్పు పెద్దదవుతుంది. 3 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు పొరపాటు రోడ్డు మీద మీ వెలుగును పదుల మీటర్లు అటూఇటూ చేస్తుంది. 5 కంటే తక్కువ చోటుంటే వేరే స్థలం వెతుక్కోండి.

స్క్రూ తిప్పడం

11. డిమ్ వేసి, ఒక లైటుకు అడ్డంగా అట్టముక్క నిలబెట్టండి. గాజుకు తగలకుండా ఒక అడుగు దూరంలో పెట్టండి. గుడ్డ కప్పకండి. ప్లాస్టిక్ గాజున్న లైట్లు గుడ్డ కింద కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి మబ్బు పట్టిపోతాయి. అసలు అంతకంటే సులువైన దారి, ఆ లైటు వెనక కనెక్టర్ పీకేయడం.

12. సరైన స్క్రూ పట్టుకోండి. పాత గుండ్రటి లైట్లలో, నలుపలక సీల్డ్ బీమ్ లైట్లలో (బల్బు, రిఫ్లెక్టర్, గాజు అన్నీ ఒకే ముక్కగా వచ్చేవి), లైటును పట్టి ఉంచే రింగుకు చిన్న స్క్రూలు మూడో నాలుగో ఉంటాయి. అవి కాదు. వాటికి బయటివైపు, కాస్త పెద్దగా, వెనక స్ప్రింగుతో ఉండేవి రెండే ఉంటాయి, ఒకటి పైనో కిందో, ఇంకొకటి పక్కన. అవే మీకు కావలసినవి. లైటు అమరిక చెడేది ఎక్కువగా ఈ గందరగోళం వల్లే. నా బండికి ఒక మెకానిక్ బల్బు మారుస్తూ రింగు స్క్రూలకు బదులు ఇవి విప్పేశాడు. ఎడమ లైటు చెట్ల కొమ్మల్లోకి కొడుతుంటే నెల రోజులు కారణం తెలియక తిరిగాను.

సీల్డ్ బీమ్ గాజు మీద మూడు చిన్న బొడిపెలు కనబడతాయి. పాతకాలపు కొలత పరికరాన్ని ఆనించడానికి పెట్టినవి అవి. శుభ్రం చేస్తూ వాటిని అరగదీయకండి.

ప్లాస్టిక్ లైట్లున్న కొంచెం కొత్త బండ్లలో స్క్రూలు లైటు వెనక, బానెట్ లోపల ఉంటాయి. కొన్నింటిలో తెల్లటి ప్లాస్టిక్ పళ్ల చక్రం, దానిలోకి పైనుంచి స్క్రూడ్రైవర్ దింపే దారి ఉంటాయి.

13. స్క్రూకు తుప్పు పట్టి ఉంటే నూనె స్ప్రే చేసి అరగంట ఆగండి. బలవంతంగా తిప్పితే వెనకున్న ప్లాస్టిక్ నట్టు పగిలిపోతుంది, ఆ తర్వాత లైటు మొత్తం వదులుగా ఆడుతుంది. మంట చూపించి వేడి చేయడం ఇక్కడ కుదరదు, చుట్టూ అంతా ప్లాస్టిక్కే. తిప్పే ముందు ప్రస్తుతం వెలుగు అంచు గోడ మీద ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే మొదటి చోటికి తిరిగి రావచ్చు.

14. ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే తిప్పి గోడను చూడండి. ముందు నుంచి తిప్పే పాత సీల్డ్ బీమ్‌లకు తేలిక గుర్తు ఒకటుంది: బిగిస్తే వెలుగు స్క్రూ ఉన్న వైపుకు వెళ్తుంది. పైన ఉన్న స్క్రూ బిగిస్తే పైకి, పక్కనున్నది బిగిస్తే ఆ పక్కకు. వెనక స్క్రూలున్న లైట్లకు ఈ గుర్తు పనిచేయకపోవచ్చు, అక్కడ గోడే చెప్పాలి.

ముందు ఎత్తు, తర్వాత పక్కలు, మళ్లీ ఒకసారి ఎత్తు. పక్కలకు తిప్పినప్పుడు ఎత్తు కాస్త కదులుతుంది. సీల్డ్ బీమ్‌లో ఆఖరి తిప్పుడు ఎప్పుడూ బిగించే దిశలో ఉండాలి. వదులు చేస్తూ ఆపితే స్ప్రింగులో మిగిలిన సందు మొదటి గుంతలోనే జారిపోతుంది.

15. ఎక్కడ ఆపాలి? వెలుగు పైన స్పష్టమైన గీత ఉన్న లైట్లకు, ఆ గీతలోని సమతల భాగం కింది టేపు మీద కూర్చోవాలి. గీత మోచేయిలా మడత తిరిగే చోటు, ఆ లైటుకు సూటిగా ఉన్న నిలువు టేపు మీదికి రావాలి. ఎడమవైపు నడిపే దేశాల్లో మడత తర్వాత గీత ఎడమకు లేస్తుంది, కుడివైపు నడిపే చోట కుడికి. మీ బండిలో అది ఎదురొచ్చేవాళ్ల వైపు లేస్తుంటే ఆ లైటు వేరే దేశపు రోడ్లకు చేసినది. దాన్ని స్క్రూ సరిచేయలేదు, లైటే మార్చాలి.

పాత అమెరికన్ రకం సీల్డ్ బీమ్‌లకు గీత ఉండదు, బాగా ప్రకాశించే ఒక ముద్ద మాత్రం ఉంటుంది. దానికి కింది టేపు వాడకండి. ముద్ద పై అంచు పై టేపుకు, అంటే లైటు నడిమి ఎత్తుకు, తగలాలి. ముద్దలో ఎదురొచ్చేవాళ్ల వైపు ఉన్న అంచు నిలువు టేపు దగ్గర ఆగాలి. అంచు ఎక్కడో తెలియకపోతే కళ్లు సగం మూసి చూడండి, చుట్టూ ఉన్న మసక వెలుగు మాయమై ముద్ద తేలుతుంది.

16. ఇదే రెండో లైటుకూ చేయండి. బ్రైట్‌కు వేరే లైట్లు లేకపోతే పని అయిపోయినట్టే, ఒకే బల్బులో రెండు తీగలూ ఉన్నాయి కాబట్టి డిమ్ సరైతే బ్రైట్ సరవుతుంది. నాలుగు లైట్లున్న బండ్లలో బ్రైట్ లైట్లను విడిగా చూడాలి. వాటి ముద్ద నడిమి భాగం పై టేపు, నిలువు టేపు కలిసే చోట పడాలి. బ్రైట్ వేసి డిమ్ సెట్ చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

సరిగ్గా వచ్చిందా?

మొదటి పరీక్ష అక్కడే చేయవచ్చు. బండిని సూటిగా ముందుకు తెచ్చి గోడకు 3.8 మీటర్ల దగ్గర ఆపండి. దూరం సగమైంది కాబట్టి, గీత పడే లైట్లకు పై టేపు నుంచి వెలుగు అంచుకు ఉన్న ఎడం కూడా సగం, 3.8 సెంటీమీటర్లు కావాలి. 9వ మెట్టులో వేరే అంకె పెట్టుకున్నవాళ్లకు దానిలో సగం. బాగా తేడాగా ఉందంటే నేల వాలులో మోసం ఉంది, లేదా ఎక్కడో కొలత తప్పింది. నేను ఈ పరీక్ష చేయకుండా ఏ బండినీ వదలను.

రెండోది రోడ్డు మీద. చదునైన, ఖాళీ రోడ్డు మీద ఒక కారును ఆపించి, మీరు దాని వెనక 10 మీటర్ల దూరంలో నిలపండి. వెలుగు గీత దాని వెనక అద్దం కింది అంచు కంటే దిగువనే ఉండాలి. తర్వాత మీ బండిలో ఇంకొకరిని కూర్చోబెట్టి, మీరు 50 మీటర్ల అవతలికి వెళ్లి, కారు డ్రైవర్ కంటి ఎత్తులో వంగి చూడండి. లైట్లు కనబడాలి, కళ్లు చికిలించాల్సిన అవసరం రాకూడదు. ఎదుటివాళ్లు పడే ఇబ్బంది మన సీట్లోంచి తెలియదు, ఒక్కసారి వాళ్ల చోట నిలబడితే తెలుస్తుంది.

పది, పదిహేను కిలోమీటర్లు గతుకుల్లో తిరిగొచ్చి మళ్లీ గోడ ముందు పెట్టండి. గీత కదిలి ఉంటే సర్దుబాటు స్క్రూ నట్టు అరిగింది, లేదా లైటు వెనక స్ప్రింగు ఊడింది. చేత్తో లైటును మెల్లగా నొక్కి చూడండి, కదలకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"దూరం కనబడటం లేదు" అని డిమ్‌ను ఎత్తేయడం అన్నిటికంటే పెద్దది. నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైటు 1 శాతం వాలితే వెలుగు 90 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అంత దాకా కనబడకపోతే ఎత్తు తక్కువై కాదు, గాజు మబ్బు పట్టిందో, రిఫ్లెక్టర్ వెండి పూత ఊడిందో, వోల్టేజీ చాలడం లేదో. పూత ఊడిన రిఫ్లెక్టర్‌కు పాలిష్ పెట్టినా లాభం లేదు, ఉన్న కాస్త పూతా పోతుంది.

హాలోజన్ కోసం చేసిన లైటులో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం రెండోది. వెలుగు పుట్టే చోటు తీగ ఉన్న చోటికి కచ్చితంగా సరిపోకపోతే గీత చెదిరిపోయి వెలుగు నలువైపులా చిమ్ముతుంది. దగ్గర్లో తెల్లగా మెరుస్తుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. గోడ ముందు పెట్టి చూడండి, గీత నిలవకపోతే పాత హాలోజన్ బల్బే తిరిగి వేయండి. మంచి బల్బు, శుభ్రమైన ఎర్త్, సరైన ఎత్తు ఉంటే పాత లైట్లు చాలా బండ్లకు సరిపోతాయి.

పని పూర్తయ్యాక, గోడ మీది టేపులు పీకే ముందు హెడ్‌లైట్ ఎత్తు, గోడకు దూరం, కింది టేపు ఎడం మూడూ ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. టైరు సైజు మారినా, కమాన్ పట్టీ చేర్చినా, ముందు స్ప్రింగులు మార్చినా, బల్బు మార్చినా మళ్లీ ఒకసారి గోడ ముందుకు తీసుకెళ్లండి. అంకెలు రాసి ఉంటే రెండోసారి అరగంటలో అయిపోతుంది.